కొత్త మనిషి, కొత్త ఎండ



ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయి, దాని పైనుండి బయలుదేరిన తూర్పు కాలువల నీరు మెరక పల్లాలన్నిటినీ తడపనారంభించిన నాటినుండి, వరదలు తెచ్చి పరచిన ఒండ్రునేలలో వరి, అరటి, కొబ్బరి పండించుకొని బ్రతికిన పల్లెలలో కొన్ని, కాలక్రమాన మొక్కలను పెంచి దేశదేశాలకు పంపడమే తమ ప్రధాన వృత్తిగా చేసికొన్నవి. కడియం, కడియపులంక, కడియపుసావరం, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు, దుళ్ళ, వీరవరం. పేర్లు వేరైనా, బయటివారికి ఇవన్నీ కలిసి ఒక్క కడియమే. హైదరాబాదులో ఎవరి గుమ్మం ముందో పూచిన గన్నేరు, ఎక్కడో పట్టణపు రహదారి నడుమ వరుసగా నిలిచిన చెట్టు, కడియపు మట్టిని వేళ్ళకు అంటించుకొని పోయినవే కావచ్చు.

ఆ మొక్కల అందచందాలను గురించి మీరు చాలా విని ఉంటారు. ఈనాటి నా ప్రసంగం మొక్కలను గురించి కాదు. వాటికి మట్టి నింపి, నీరు పట్టి, అంటు కట్టి, కలుపు తీసి, చివరకు లారీకి ఎత్తి సాగనంపే మనుషులను గురించి. ఆరుబయట, ఆకాశం కింద, పొద్దు పొడిచింది మొదలు పొద్దు వాలేదాకా పనిచేసే మనుషులను గురించి. వారి ప్రాణాలను కాపాడే ఉపాయం ఒక్కటి చెప్పదలచుకొన్నాను. పది ఉపాయాలు చెబితే ఒకటీ గుర్తుండదు. అందుచేత ఒక్కటే చెబుతాను. మళ్ళీ మళ్ళీ చెబుతాను.

ఆ మాట ఇది. ఎండకు కొత్త అయిన మనిషికి మొదటినాడే నిండుపని చెప్పకండి. కొద్దికొద్దిగా పెంచండి. వారం పదిరోజులు ఓపిక పట్టండి.

ఇంత చిన్న మాటకు ఇంత ప్రసంగమెందుకని మీరనవచ్చు. కాని ఈ చిన్న మాట తెలియకనే, తెలిసినా పాటించకనే, ఏటేటా వేసవిలో గట్టి మనుషులు, ఏ రోగమూ లేనివారు, ఉదయం పనిలోకి వచ్చి మధ్యాహ్నానికి కుప్పకూలిపోతున్నారు.

ముందుగా ఆ పనిని ఒక్కసారి దగ్గరగా చూద్దాం. వైశాఖమాసం. ఉదయం పదిన్నర అయింది. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, ఇసుక కలిపిన కుప్ప ఒకటి ఉన్నది. కుప్ప చుట్టూ ఆడవారు గొంతుక్కూర్చొని ఉన్నారు. చీర మీద మగవారి పొడుగుచేతుల చొక్కా తొడుక్కొని ఉన్నారు. తలకు తువ్వాలు చుట్టుకొన్నారు. ఎడమచేత నల్లటి ప్లాస్టిక్ కవరు మూతి విప్పి పట్టుకొంటారు. కుడిచేత మట్టి తీసి నింపుతారు. నేలకు రెండుసార్లు తట్టి పక్కన నిలబెడతారు. మళ్ళీ ఇంకొక కవరు. నింపిన కవర్లు ఎండకు కాలి, వరుసలు సర్దేటప్పుడు చేతికి చురుక్కుమంటాయి. కుప్ప దగ్గర ఒక సీసాలో నీళ్ళు ఉన్నవి గాని, అవి ఎండలోనే ఉండి వేడెక్కిపోయినవి. ఒకరూ వాటి జోలికి పోవడం లేదు.

రోడ్డు వైపున లారీ ఆగి ఉన్నది. ముఠావారు నిలువెత్తు చెట్లను, వేరుముద్ద చెదరకుండా, బల్ల మీదుగా లారీలోకి ఎక్కిస్తున్నారు. చెట్టు బరువు భుజం మీద, లారీ ఇనుము వేడి అరచేతుల మీద, కింద తారురోడ్డు సెగ పాదాల మీద. చీకటి పడేలోగా లోడు బయలుదేరాలి. ఆ తొందరలో మంచినీళ్ళు తాగే తీరిక ఎవరికీ ఉండదు.

వీరందరికీ నాలుగడుగుల దూరంలోనే పచ్చని షేడ్‌నెట్ ఉన్నది. దాని కింద లేతమొక్కలు చల్లగా ఉన్నవి. ఆ నీడను నేను తప్పు పట్టడం లేదు. లేతమొక్కకు నీడ కావాలి. అయితే ఆ మొక్కను పెంచే విద్యలోనే మనిషిని కాపాడే విద్య కూడా ఇమిడి ఉన్నదని నా నమ్మకం.

నర్సరీలో పుట్టి పెరిగిన పసివాడికి సైతం తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. నీడలో పెరిగిన మొక్కను తీసికొనిపోయి ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే ఏమవుతుంది? సాయంకాలానికి ఆకు కమిలిపోతుంది. మరునాటికి అంచులు మాడిపోతాయి. లేతచిగురు తల వాల్చేస్తుంది. అందుకని రైతు ఏం చేస్తాడు? మొదట వలకింద నుండి అంచుకు జరుపుతాడు. కొన్నాళ్ళు పొద్దుటిపూట ఎండ మాత్రం తగలనిస్తాడు. తరువాత సగం నీడ, సగం ఎండ. ఆ తరువాతనే పూర్తిగా బయటపెడతాడు. ఈలోగా ఆకు మందమవుతుంది, కాండం గట్టిపడుతుంది. అట్లా అలవాటుపడిన మొక్క లారీలో వందల మైళ్ళు ప్రయాణం చేసి కూడా బ్రతుకుతుంది. మొక్కకు రెండువారాల గడువు ఇచ్చే చేతులే మనిషికి రెండు గంటల గడువు కూడా ఇవ్వకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. మనిషి శరీరం కూడా ఎండకు ఒక్కనాడు అలవాటుపడదు. దానికీ రోజులు పడతాయి.

ఆ రోజులలో శరీరం లోపల ఏం జరుగుతుందో వినండి. మన ఒంటి వేడి, ఇంచుమించుగా 37 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నిలకడగా ఉంటుంది. ఎండలో బరువైన పని చేసేటప్పుడు వేడి రెండు వైపుల నుండి వస్తుంది. బయట నుండి ఎండ. లోపల నుండి, పనిచేసే కండరాలు పుట్టించే వేడి. ఈ వేడిని బయటికి పంపడానికి శరీరానికున్న ముఖ్యమైన దారి చెమట. చెమట కారినంత మాత్రాన చల్లదనం రాదు. అది ఆరినప్పుడే చల్లదనం వస్తుంది. ఎండకు అలవాటులేని మనిషికి చెమట ఆలస్యంగా మొదలవుతుంది, చాలినంత పట్టదు; పట్టిన చెమటలో ఉప్పు మాత్రం ఎక్కువగా పోతుంది; గుండె గబగబ కొట్టుకొంటుంది. అదే మనిషి ప్రతిదినమూ కొంతకొంత ఎండలో పనిచేస్తూ పోతే, ఒకటి రెండు వారాలలో శరీరం తనంత తాను మారుతుంది. చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది. అందులో ఉప్పు తగ్గుతుంది. రక్తంలో నీటిభాగం పెరుగుతుంది. గుండె నిదానిస్తుంది. అదే పని, అదే ఎండ, కాని మనిషికి ముప్పు తగ్గిపోతుంది.

చూశారా, ఇది పట్టుదలకు సంబంధించిన సంగతి కాదు. మగతనానికి, మొండితనానికి సంబంధించిన సంగతి అంతకన్నా కాదు. కండలు తిరిగిన యువకుడైనా సరే, శరీరం మారేదాకా అతడు ఎండకు కొత్తవాడే.

ఈ సంగతిని లోకం చాలా ఖరీదు చెల్లించి నేర్చుకొన్నది. దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనులు భూమిలోపల ఎంతో లోతున ఉంటాయి. అక్కడ వేడి, తేమ, రెండూ విపరీతం. గడచిన శతాబ్దపు తొలిభాగంలో ఆ గనులలోకి కొత్తగా దిగిన కూలీలు వేడికి తాళలేక చనిపోతూ ఉంటే, గనుల వైద్యులు కారణం వెదకి, కొత్తవారిని వెంటనే బరువుపనిలోకి దింపక, కొన్ని దినాలపాటు క్రమక్రమంగా వేడికి అలవాటు చేసే పద్ధతి పెట్టారు. చావులు బాగా తగ్గినవి. 1950ల దశకంలో అమెరికాలోని ప్యారిస్ ఐలాండ్ అనే సైనిక శిక్షణ కేంద్రంలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు ఎండలో కవాతు చేస్తూ పడిపోతూ ఉంటే, శాస్త్రజ్ఞులు గాలిలోని వేడినే కాక తేమను, ఎండ తీక్ష్ణతను, గాలి వీచే తీరును కూడా కలిపి కొలిచే పద్ధతి కనిపెట్టి, ఆ కొలతను బట్టి కవాతు తగ్గింపజేశారు. ఆ కొలతనే నేటికీ ప్రపంచమంతటా వాడుతున్నారు. ఆరుబయటి పనిలో వడదెబ్బకు ప్రాణాలు కోల్పోయినవారిని పరిశీలిస్తే, వారిలో సగానికి పైగా పనిలో చేరిన మొదటి కొద్దిరోజులలోనే పోయినవారని అమెరికా కార్మిక భద్రతాశాఖవారు చెబుతున్నారు. మొదటి కొద్దిరోజులు! ఈ మాటను నర్సరీల యజమానులు, మేస్త్రీలు దయచేసి మనస్సులో ఉంచుకోవాలి.

అయితే కొత్తవారెవరు? పొరుగు జిల్లా నుండి నిన్న దిగిన మనిషి కొత్తవాడని మనకు తెలుస్తూనే ఉంటుంది. కాని కొత్తవారు ఇంకా ఉన్నారు. జ్వరంతో పదిరోజులు మంచం పట్టి లేచివచ్చిన పాతకూలీ కొత్తవాడే. పురుడు పోసుకొని నెలల తరువాత పనికి వచ్చిన తల్లి కొత్తదే. ఇంట్లో పెళ్ళికని ఊరుపోయి, రెండువారాలు నీడపట్టున ఉండి వచ్చిన మనిషి కొత్తవాడే. ఏలయనగా, ఎండను తట్టుకొనే శక్తి వచ్చినట్లే పోతుంది కూడాను. వారంరోజులు ఎండ తగలకపోతే అది సడలడం మొదలవుతుంది. నెలరోజులైతే దాదాపు పోయినట్లే. ఇంకొక సంగతి. ఫాల్గుణం దాకా చల్లగా ఉండి, ఒక్కసారిగా ఎండలు ముదిరిన వారంలో, ఇరవై యేళ్ళుగా అదే తోటలో పనిచేస్తున్న పెద్దమనిషి కూడా కొత్తవాడే. మనిషి పాతవాడైనా ఎండ కొత్తది.

ఇక కొద్దికొద్దిగా పెంచడమంటే లెక్క ఎట్లా? అమెరికా దేశపు జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క చాలా తేలిక. మొదటిరోజు ఎండపని, రోజులో అయిదోవంతు. రెండవరోజు రెండువంతులు. అట్లా రోజుకొక వంతు పెంచుకొంటూ పోతే అయిదోనాటికి నిండుపని. మళ్ళీ చెబుతాను. మొదటిరోజు అయిదోవంతు. అంటే ఎనిమిది గంటల పనిలో ఎండన పడి చేసేది దాదాపు గంటన్నర. అంతకుముందు ఎండపని బాగా అలవాటుండి, కొన్నాళ్ళు మానివచ్చినవారైతే, మొదటిరోజు సగంతో ప్రారంభించి నాలుగవనాటికి నిండుపనికి రావచ్చు. నిండుపనికి వచ్చిన తరువాత కూడా మరొక వారం వారిమీద ఒక కన్ను వేసి ఉండాలి.

"మరి మిగిలిన గంటలు ఆ మనిషి ఖాళీగా కూర్చోవాలా?" అని మీరడుగుతారు. అక్కరలేదు. ఈ విషయంలో నర్సరీకి ఉన్న సౌకర్యం ఇళ్ళు కట్టేచోట లేదు, రోడ్డు వేసేచోట లేదు. నర్సరీలో నీడపని కావలసినంత ఉన్నది. అంట్లు కట్టడం నీడపని. ట్రేలలో గింజలు పెట్టడం నీడపని. కొమ్మలు కత్తిరించి నాటడానికి సిద్ధం చేయడం నీడపని. మట్టి కుప్పను చింతచెట్టు కిందికి మారిస్తే కవర్లు నింపడం కూడా నీడపనే. కొత్తవారికి మొదటి వారం ఇట్టి పనులు ఎక్కువగా చెప్పి, ఎండపని కొంచెం కొంచెంగా కలుపుతూ రండి. లారీ ముఠాలోకి మాత్రం మొదటి వారంలో కొత్తవారిని తీసికోకండి. అది అన్నిటికన్నా బరువైన పని.

ఒక జాగ్రత్త చెప్పాలి. నీడ అన్నచోటల్లా చల్లదనం ఉండదు. షేడ్‌నెట్ కింద, అందులోనూ పాలీహౌస్‌లో, గాలి ఆడదు. మొక్కలకు పొద్దస్తమానం నీరు చల్లడం వల్ల తేమ నిలిచిపోతుంది. ఎండ తగలకపోయినా అక్కడ చెమట ఆరదు. మొక్కకు అది హాయి. మనిషికి హాయి కాదు. మనిషి విశ్రాంతికి గాలి ఆడే చెట్టునీడ కావాలి. వేపచెట్టు గాని, చింతచెట్టు గాని, అదీ లేకపోతే నాలుగు వైపులా తెరచిన తాటాకు పందిరి గాని ఉండాలి.

డెల్టాలో ఉన్నవారికి వేడి రెండు రూపాలలో వస్తుంది. ఒకటి పడమటి వడగాలి. అది వీచిననాడు చెమట పట్టింది పట్టినట్లే ఆరిపోతుంది. మనకు చెమట పోతున్నట్లే తెలియదు. ఒంట్లోని నీరు మాత్రం తరిగిపోతూ ఉంటుంది. రెండవది ఉక్కపోత. ఆనాడు వాతావరణ వార్తలలో చెప్పే డిగ్రీలు తక్కువగానే ఉండవచ్చు. కాని గాలిలో తేమ నిండి ఉంటుంది. చెమట ధారలుగా కారుతుంది, ఆరదు. భారత వాతావరణ శాఖవారు కూడా ఈ తేడాను పాటిస్తారు. మైదానాలలో 40 డిగ్రీలు చేరితేనే గాని వడగాడ్పుల మాట ఎత్తరు. తీరప్రాంతాలలో 37 డిగ్రీల నుండే ఆ విచారణ మొదలవుతుంది. అందుచేత డిగ్రీల అంకెను చూసి ధైర్యపడకండి. దండెం మీద ఆరవేసిన తడిబట్టను చూడండి. అది ఆరని రోజున మీ చెమటా ఆరదు. ఆ రోజు పని తగ్గించవలసిన రోజు.

నీటి సంగతి. దాహమయ్యేదాకా ఆగకూడదు. ఎండలో పనిచేసే మనిషి ఇరవై నిమిషాలకొకసారి ఒక గ్లాసు నీళ్ళు తాగాలి. కడుపు నిండా ఒకేసారి కాదు. కొంచెం కొంచెంగా, మాటిమాటికి. చెమటలో ఉప్పు కూడా పోతుంది కనుక ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. తరవాణి మంచిది. గంజిలో ఇంత ఉప్పు వేసుకొన్నా మంచిదే. ఇవేవీ దొరకనప్పుడు లీటరు మంచినీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలుపుకోండి. చిన్న టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు సంగతి డాక్టరును అడిగి నడుచుకోవాలి. నీళ్ళకుండ పని జరిగేచోటికి రావాలి. మనిషి కుండ దగ్గరికి నడచిపోయేటట్లుంటే పోడు, పోనివ్వరు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నా ప్రసంగం సత్యం కాదు. కుండ పక్కనే పెట్టినా కొందరు ఆడవారు నీళ్ళు తాగరు. తెలియక కాదు. తాగితే ఎక్కడికి పోవాలి? చుట్టూ రోడ్డు, లారీలు, కొనుగోలుదారులు, మగకూలీలు. మరుగుదొడ్డి లేదు. ఉన్నా తాళం వేసి ఉంటుంది. అందుకని పొద్దున ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుండి సాయంకాలం ఇల్లు చేరేదాకా గొంతు తడుపుకోవడమే గాని దాహం తీరా తాగడమన్నది లేదు. ఎండలో ఇట్లా ఏళ్ళ తరబడి నీరు చాలక శ్రమపడితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కూలీలలో, ఇతర కారణమేదీ కనబడకుండా మూత్రపిండాలు చెడిపోతూ ఉంటే, ఎండలో శ్రమ, నీరు చాలకపోవడం ముఖ్యకారణాలలో ఒకటని వైద్యులు భావించి, నీరు, నీడ, విశ్రాంతి అనే మూడింటినీ కొన్నిచోట్ల పనిలో భాగం చేయించారు. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మూత్రపిండాల వ్యాధికి కారణం ఇదీ అని తేలలేదు గాని, అక్కడ కూడా పరిశోధకులు ఈ కోణాన్ని విడువలేదు. కాబట్టి నర్సరీ యజమానులకు నా మనవి. ఆడవారికి తలుపు, గడియ, నీరు ఉన్న ఒక మరుగుదొడ్డి కట్టించండి. తాళంచెవి వారి దగ్గరే ఉంచండి. ఎండనుండి రక్షించే సాధనాలలో గొడుగు ఎంతో, అదీ అంతే. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టంలో పనిచోట మంచినీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండితీరాలని రాశారు. ప్రభుత్వపు చెరువుపనికి తగినది మన తోటపనికి తగదా?

"మా తాతలు ఈ ఎండలో పనిచేయలేదా?" అని కొందరు పెద్దలు అంటారు. చేశారు. వేకువజామున పొలానికి పోయి, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చెట్టు కింద చేరి, చద్ది తిని, కునుకు తీసి, నీడలు సాగాక మళ్ళీ దిగేవారు. ఏడాది పొడుగునా అదే నేలమీద ఉండేవారు కనుక వారి ఒళ్ళు ఋతువుతోపాటే మారేది. అయినా వడదెబ్బ పేరు ఏ కాగితం మీదికీ ఎక్కకుండా పోయిన ప్రాణాలు ఆనాడూ ఉన్నవి. ఇక మన కాలానికి వస్తే, 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణలలో కలిసి మళ్ళీ వెయ్యికి పైగా పోయారు. వారిలో ఆరుబయట రెక్కాడితే గాని డొక్కాడనివారు ఎందరో. గుజరాత్‌లోని అహమ్మదాబాదు పట్టణం 2010 వేసవిలో ఇట్టి విపత్తును చూసి, 2013లో ముందుజాగ్రత్తల ప్రణాళిక వేసికొన్నది. ముందుగా హెచ్చరించడం, నీరు అందించడం, పనివేళలు మార్చడం. అందులో బ్రహ్మవిద్య ఏదీ లేదు. మనమూ చేయగలిగినవే.

పనివేళల మాట వచ్చింది కనుక, మార్చి నుండి జూన్ దాకా తెల్లవారగట్ల మొదలుపెట్టి పదకొండు గంటలకు ఎండపని ఆపండి. తిరిగి నాలుగు తరువాత ప్రారంభించండి. పురుగుమందు కొట్టడం ఎట్టి పరిస్థితిలోనూ నడిఎండలో వద్దు. ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగులు ఉంటే ఉక్క, లేకపోతే విషం. చెమట పట్టిన చర్మం మందును త్వరగా పీల్చుకొంటుంది. చల్లని వేళ కొడితే తొడుగులు ఉంచుకోవచ్చు.     

ఇక అన్ని జాగ్రత్తలూ దాటి ఒక మనిషి పడిపోతే ఏం చేయాలి? ఇది శ్రద్ధగా వినండి.

మొదట తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, పిక్కలు పట్టేయడం. ఇవి హెచ్చరికలు. వెంటనే నీడకు చేర్చి, చొక్కా వదులుచేసి, నీళ్ళు తాగించాలి. ఆ రోజుకు ఇక పని వద్దు. ఆ తరువాతిది ప్రమాదం. మనిషి తడబడతాడు. అడిగినదానికి పొంతనలేని జవాబు చెబుతాడు. ఊరికే విసుక్కొంటాడు. పడిపోతాడు. అదే వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. చర్మం పొడిగా ఉంటేనే వడదెబ్బ అని ఒక అభిప్రాయం ఉన్నది. అది పూర్తిగా నిజం కాదు. పనిచేస్తూ పడిపోయిన మనిషికి ఒళ్ళంతా చెమటతో తడిసి ఉండవచ్చు. మాట తడబడడమే గుర్తు. తనకేమవుతున్నదో అతడికి తెలియదు కూడా. అందుకే కొత్తవారికి ఒక పాతవారిని జత కలపండి.

అప్పుడు 108కి ఫోను చేయండి. కాని బండి వచ్చేదాకా చేతులు కట్టుకొని నిలబడకండి. ముందు చల్లబరచాలి. ఆ తరువాతనే తరలించాలి. మళ్ళీ చెబుతాను. ముందు చల్లబరచాలి, ఆ తరువాతనే తరలించాలి. నర్సరీలో నీటికి కరువేమున్నది? బోరు ఉన్నది, మోటారు ఉన్నది, మొక్కలకు నీరు పట్టే గొట్టం చేతిలోనే ఉన్నది. ఆ గొట్టం పెట్టి తలనుండి పాదాల దాకా ఒళ్ళంతా తడపండి. ఒక్క జాగ్రత్త. ఎండలో పడి ఉన్న గొట్టంలో నిలిచిన నీరు సలసల కాగుతూ ఉంటుంది. మోటారు వేసి, ఆ నీటిని పక్కకు వదిలేసి, చల్లని నీరు వచ్చాకనే మనిషిమీద పట్టండి. తడిపిన ఒంటికి తువ్వాలుతోనో అట్టముక్కతోనో గట్టిగా విసరండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరంబిళ్ళ వేయకండి, ఇది జ్వరం కాదు. ఆ పది, ఇరవై నిమిషాలలో మీరు పట్టిన నీరే ఆ తరువాత ఆసుపత్రిలో చేసే వైద్యాన్ని ఫలింపజేస్తుంది.

చివరగా కూలి సంగతి. కవర్ల లెక్కకు ఇంత చొప్పున కూలి ఇచ్చేచోట, గుత్తకు లోడు ఎత్తేచోట, నేను చెప్పిన మాటలన్నీ గాలికి పోతాయి. నీడకు పోతే కవర్లు తగ్గుతాయి, కవర్లు తగ్గితే కూలి తగ్గుతుంది. అట్టి పరిస్థితిలో విశ్రాంతి తీసికొమ్మని కూలివానికి బోధించడం న్యాయం కాదు. మాట్లాడవలసింది యజమానితో. అయ్యా, కొత్త మనిషికి మొదటి వారం లెక్కకూలి పెట్టకండి. రోజుకూలి నిండుగా ఇవ్వండి. వేసవి నాలుగు నెలలూ మధ్యాహ్నపు విరామానికి కూలి కోయకండి. చిన్న నర్సరీవారికి ఇది బరువేనని నాకు తెలుసు. అందుకు నాకు తోచిన ఉపాయం ఒకటి ఉన్నది. తొలకరికి దేశమంతటా మొక్కలు నాటుతారు. ఆ ఆర్డర్లు మే, జూన్‌లలో మీద పడతాయి. అప్పుడు ఎక్కడ మనిషి దొరికితే అక్కడినుండి తెచ్చి, దిగినరోజునే లారీకి పంపుతున్నాము. రోహిణీకార్తె ఎండలో, ఎండకు కొత్త అయిన మనిషిచేత, అన్నిటికన్నా బరువైన పని చేయిస్తున్నాము. అట్లాకాక ఆ మనుషులను మార్చి నెలలోనే పిలవండి. కొద్దిమందినైనా పిలవండి. నీడపనితో మొదలుపెట్టించండి. ఉగాది వెళ్ళేసరికి వారి ఒళ్ళు కడియం ఎండకు అలవాటుపడి ఉంటుంది. మే నెలలో లారీ వచ్చి నిలిచేనాటికి మీకు కావలసిన ముఠా మీ తోటలోనే సిద్ధంగా ఉంటుంది.